కంచెకి అవతల: విలియమ్ వీవర్ ఇటాలియన్ నవలల్ని ఇంగ్లీషులోకి తెచ్చిన తీరు

ఇటాలో కాల్వీనో 1979లో ప్రచురించిన ‘సే ఊనా నొత్తె దిన్వెర్నో ఊన్ వియజ్జతోరె’ (శీతకాలపు రాత్రి ఒక ప్రయాణికుడు గనక) నవలలో మొట్టమొదటి మాట ‘స్తాయ్’. ‘చదవడం మొదలుపెట్టబోతున్నావు’ అన్న వాక్యానికి ఆరంభంగా వచ్చే క్రియ అది. దాని రూపాన్ని బట్టే తనని ‘నువ్వు’ అని పలకరిస్తున్నారని ఇటాలియన్ పాఠకుడికి తెలిసిపోతుంది కనక, వాక్యంలో ‘నువ్వు’ అన్న మాట విడిగా ఉండనక్కరలేదు. 1981లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం మాత్రం ‘యూ’ అన్న సర్వనామంతో మొదలుకాక తప్పలేదు, ఎందుకంటే కర్త లేకుండా ఇంగ్లీషు వాక్యం నిలబడదు. పైగా ఆ ‘యూ’లో నువ్వూ మీరూ రెండూ కలిసిపోయాయి. ఇటాలియన్‌లో చనువుకి ‘తూ’, మర్యాదకి ‘లేయ్’ అని వేరువేరు మాటలున్నాయి. కాల్వీనో ఎంచుకున్నది చనువునే. ముక్కూమొహం తెలియని పాఠకుడి భుజం మీద రచయిత చెయ్యివేసి మాట్లాడుతున్నాడన్న సంగతి మూలంలో ఒక్క క్రియతో తేలిపోతే, ఇంగ్లీషులో దాన్ని వాక్యాల నడకని బట్టి పాఠకుడే పసిగట్టుకోవాలి. తెలుగులో ‘చదవబోతున్నావు’ అంటే సరిపోతుంది. సర్వనామం అక్కర్లేదు, చనువూ పోదు.

తెలుగుని ప్రాచ్య ఇటాలియన్ అని చెప్పుకుని మురిసిపోవడం మనకి అలవాటు. ఆ పోలికకి ఆధారం రెండు భాషల్లోనూ మాటలు ఎక్కువగా అచ్చులతో ముగియడమే. అనువాదకుడికి అంతకంటే ఎక్కువగా ఉపయోగపడే పోలికలు పైన చెప్పిన రెండూ, అంటే కర్తని క్రియలో దాచుకోవడం, నువ్వుకీ మీరుకీ తేడా చూపించడం. ఇంగ్లీషులోకి ఇటాలియన్ కథల్ని తెచ్చేవాళ్లకి ఈ రెండు వసతులూ లేవు. లేకుండానే యాభై ఏళ్లకి పైగా ఆ పని చేసి, కాల్వీనో, ఉంబెర్తో ఎకో, ఎల్సా మొరాంతే, కార్లో ఎమీలియో గాడ్డా, ప్రిమో లేవి వంటి రచయితల్ని ఇంగ్లీషు పాఠకులకి పరిచయం చేసినవారు విలియమ్ వీవర్.

వీవర్ 1923లో అమెరికాలో పుట్టారు. రెండో ప్రపంచయుద్ధంలో తుపాకీ పట్టకుండా, అమెరికన్ ఫీల్డ్ సర్వీస్ తరఫున అంబులెన్సు డ్రైవరుగా ఇటలీ చేరారు. ఆయనకి ఇటాలియన్ అబ్బింది ముందుగా మనుషుల వల్ల. నేపుల్స్‌లో, తర్వాత రోమ్‌లో ఆయన వయసు రచయితలు స్నేహితులయ్యారు. వాళ్ల కథల్ని అర్థం చేసుకోవాలన్న కుతూహలం అనువాదానికి దారితీసింది. ప్రిన్స్‌టన్‌లో పట్టా, ఆపైన రోమ్ విశ్వవిద్యాలయంలో చదువు కూడా ఉన్నాయి. జీవితంలో చాలా భాగం ఇటలీలోనే, అందులో ఎన్నో ఏళ్లు టస్కనీ పల్లెలో గడిపి, తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని బార్డ్ కాలేజీలో బోధించి, 2013లో తొంభై ఏళ్ల వయసులో మరణించారు. ఒపేరా మీద ఆయనకున్న అధికారం వేరే వ్యాసానికి సరిపోయే విషయం. వెర్ది, పుచ్చీని ఒపేరాల పాఠ్యాలని అనువదించారు, నటి ఎలెయొనోరా దూజె జీవితచరిత్ర రాశారు. ఇక్కడ దాన్ని ప్రస్తావించడానికి కారణం ఒక్కటే: వాక్యాన్ని అర్థంతో పాటు ఊపిరితోనూ తూచే అలవాటు ఆయనకి అక్కడే పట్టుబడిందని నాకనిపిస్తుంది.

అనువాదం గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా ఒకే ప్రశ్న అడుగుతాం: మూలానికి విధేయంగా ఉందా, లేదా? వీవర్ చేసిన పనిని వరసగా చూస్తే ఆ ప్రశ్నే సరిగ్గా లేదని తెలుస్తుంది. విధేయత ఒకే సరుకు కాదు. ఒక పుస్తకంలో ఆయన మూలంలోని ప్రధాన ఆకర్షణనే వదిలేసుకున్నారు. ఇంకోచోట మూలంలో లేని పేరు తెచ్చిపెట్టారు. మరోచోట సాక్షాత్తూ మూలరచయిత కోరిన మాటనే కొట్టేశారు. మూడూ విధేయత కోసమే. ఏది పోతే పుస్తకం చచ్చిపోతుందో, ఏది పోయినా బతుకుతుందో ప్రతిసారీ కొత్తగా తేల్చుకోవడమే ఆ వృత్తిలోని అసలు చిక్కు.

పెద్దపెద్ద మాటలతో కష్టం తక్కువని, మామూలు మాటలే ప్రాణం తీస్తాయని వీవర్ ఒక సంభాషణలో చెప్పారు. ఆయన ఇచ్చిన ఉదాహరణ ‘బువోన్ జోర్నో’. పదానికి పదం చూస్తే ‘శుభదినం’. కానీ ఇంగ్లీషులో ఆ పలకరింపు ఉదయమా, మధ్యాహ్నమా అన్నదాన్ని బట్టి మారుతుంది. ‘బువోనా సేరా’ ఇంకా చిక్కుది. ఇటలీలో కొన్ని ప్రాంతాల్లో మధ్యాహ్న భోజనం బల్ల మీంచి లేవగానే ‘శుభ సాయంత్రం’ మొదలైపోతుంది. కథలో గడియారం మూడు చూపిస్తుంటే పాత్ర ‘గుడ్ ఈవినింగ్’ అంటే ఇంగ్లీషు పాఠకుడు తికమకపడతాడు. కాబట్టి ఆ రెండు మాటలు అనువదించాలంటే అప్పుడు వేళ ఎంతయిందో, కథ జరుగుతున్నది ఏ ఊళ్లోనో, అక్కడివాళ్లు ఎప్పుడు తిని ఎప్పుడు లేస్తారో తెలియాలి. తెలుగులోకి తెస్తే ‘నమస్కారం’ వేళ తాలూకు గొడవని తప్పిస్తుంది కానీ, పక్కింటివాళ్లు రోజూ ఎదురుపడి నమస్కారాలు పెట్టుకోవడం మన వీధుల్లో జరిగే పని కాదు. ‘ఏం, భోంచేశారా?’ అన్నదే అక్కడికి సరయిన అనువాదం కావచ్చు. అందులో ఇటలీ కనిపించదన్నది దాని నష్టం.

ఇవి చిన్న చిక్కులు. గాడ్డా నవలది పెద్ద ముడి. మిలాన్‌లో పుట్టి, ఇంజనీరుగా పనిచేసిన గాడ్డా 1957లో పుస్తకరూపంలో తెచ్చిన ‘క్వెర్ పస్తిచ్చాచ్చొ బ్రుత్తో దె వియా మెరులానా’ పైకి ఒక హత్య కథ. 1927లో, ముస్సోలినీ పాలనలో, రోమ్‌లోని మెరులానా వీధి 219 నంబరు భవనంలో ముందు ఒక దొంగతనం, తర్వాత ఒక హత్య జరుగుతాయి. మొలీజె ప్రాంతం నుంచి వచ్చిన ఇంగ్రవాల్లో అనే పోలీసు అధికారి దర్యాప్తు చేస్తాడు. హంతకులెవరో స్పష్టంగా తేలకుండానే నవల ఆగిపోతుంది, ఎందుకంటే గాడ్డాకి నేరం మీదకంటే భాష మీద ఆసక్తి ఎక్కువ. రోమ్ వీధిభాష, నేపుల్స్ యాస, మొలీజె యాస, వెనిస్ పలుకు, గ్రాంథికపు ఇటాలియన్, పోలీసు దస్త్రాల భాష, అన్నీ ఒకే పేజీలో, ఒక్కోసారి ఒకే వాక్యంలో ఒరుసుకుంటాయి. శీర్షికనే చూడండి. ‘క్వెర్’ రోమ్ యాస. ప్రామాణిక ఇటాలియన్ అయితే ‘క్వెల్’ అనాలి. ‘పస్తిచ్చొ’ అంటే కలగాపులగం, గందరగోళం. దానికి ‘ఆచ్చొ’ అన్న ఈసడింపు ప్రత్యయం తగిలించి ‘పస్తిచ్చాచ్చొ’ చేశారు. అది చాలదన్నట్టు పక్కన మళ్లీ ‘బ్రుత్తో’, అంటే వికారమైనది.

ఇంగ్లీషులో అలాంటి ప్రత్యయం లేదు కాబట్టి వీవర్ 1965 అనువాదంలో దాన్ని ‘ఆఫుల్ మెస్’ అన్నారు. ఈసడింపు దక్కింది, యాస పోయింది. తెలుగులో ‘ఆ మెరులానా వీధి రొచ్చు’ అంటే ఈసడింపు ‘రొచ్చు’లోనే వచ్చేస్తుంది, రోమ్ మాత్రం మనకీ రాదు. యాస విషయంలో వీవర్ తన నిర్ణయాన్ని ముందుమాటలో దాపరికం లేకుండా చెప్పారు. రోమ్ యాసకి బదులు అమెరికాలోని మిసిసిపీ యాసనో, ఐర్లండు ద్వీపాల పలుకునో వాడితే అది అమెరికన్ నవలాకారుడు ఫాక్నర్ పాత్రలతో సిసిలీ భాష మాట్లాడించినంత అసంబద్ధంగా ఉంటుందని, కాబట్టి తాను మామూలు వాడుక ఇంగ్లీషే రాస్తున్నానని, ఈ మాటలన్నీ యాసల్లో నడుస్తున్నట్టు పాఠకుడే ఊహించుకోవాలని ఆ ముందుమాట సారాంశం.

దీన్ని చేతులెత్తేయడంగా చూసిన విమర్శకులు లేకపోలేదు, నాకు మాత్రం సబబుగానే తోస్తుంది. కారణం మన అనుభవంలోనే ఉంది. రోమ్ యాసని రాయలసీమ మాటగానూ, వెనిస్ పలుకుని శ్రీకాకుళం మాటగానూ మార్చామనుకుందాం. రాయలసీమ మాట వినగానే మన సినిమాలు నేర్పిన పుణ్యమా అని పాఠకుడికి సుమోలూ కత్తులూ కళ్లముందు కదులుతాయి; తెలంగాణ మాటని ఎన్నో ఏళ్లపాటు హాస్యగాళ్లకీ రౌడీలకీ కట్టబెట్టిన చరిత్ర ఇంకా మానని గాయం. ఏ యాసా ఖాళీ గిన్నె కాదు; దాన్నిండా ఆ నేల బరువు, ఆ నేల మీద ఇతరులు మోపిన బరువు రెండూ ఉంటాయి. మెరులానా వీధిలో నిలబడ్డ పాత్ర నోట్లో ఆ బరువు పెడితే గాడ్డా పుస్తకం మరో పుస్తకమవుతుంది. అయితే యాసల ఒరిపిడే ప్రాణంగా ఉన్న నవలలోంచి యాసలన్నీ తీసేశాక మిగిలేదేమిటన్న ప్రశ్న అలాగే ఉంది. వాక్యాల్లోని మెలికలు, గ్రాంథికం నుంచి బజారుకి ఒక్క గంతులో దూకే వేగం, కోపంతో కలిసిన నవ్వు మిగులుతాయి. వీవర్ వాటిని కాపాడారు. గాడ్డా రాసిన మరో గద్యంలోని మొదటి పేరాని తాను ఎలా అనువదించారో, ప్రతి మాట దగ్గర ఏయే ప్రత్యామ్నాయాలు తూచి చూశారో తొలి చిత్తు నుంచి వరసగా చూపిస్తూ ఆయన తర్వాత ఒక వ్యాసం రాశారు. అనువాదం మీద వచ్చిన సిద్ధాంత గ్రంథాలకంటే ఆ కొన్ని పేజీలే ఈ పని ఎలా ఉంటుందో ఎక్కువ చెబుతాయి.

కాల్వీనో దగ్గరికొస్తే ఇబ్బంది తిరగబడింది. ఆయన భాష తేటది, కొలిచినట్టుండేది. చిక్కంతా దాన్ని చప్పబడకుండా తేవడంలో ఉంది. 1965 నాటి ‘కాస్మికోమిక్స్’ కథల్ని వీవర్ 1968లో అనువదించారు, మరుసటి ఏడాది దానికి అమెరికాలో అనువాదానికిచ్చే నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. అందులోని ఒక కథలో విశ్వం పుట్టకముందు అందరూ ఒకే బిందువులో ఇరుక్కుని ఉంటారు. అంత ఇరుకులో ఒక ఇల్లాలు, కాస్త చోటుంటే మీకందరికీ తల్యతెల్లె చేసిపెట్టేదాన్ని కదా అంటుంది. ఆ ఉదారమైన కోరిక లోంచే స్థలం, కాలం, పిండి వత్తడానికి చేతులు కదిలే జాగా, గోధుమ చేలు, వాటికి కావలసిన సూర్యుడు, నక్షత్రవీధులు అన్నీ పుట్టుకొస్తాయి. తల్యతెల్లె అంటే ఇంట్లో వత్తి, రిబ్బన్లలా కోసే పాస్తా. వీవర్ దాన్ని ‘నూడుల్స్’ చేశారు. ఈనాటి అమెరికన్ పాఠకుడికి అది వింతగా ఉండొచ్చు. 1968లో ఆ ఇటాలియన్ పేరు చూసి ఆగిపోయే పాఠకులే ఎక్కువ, ఆగితే ఆ వాక్యంలోని విస్ఫోటనం తుస్సుమంటుంది. మనం సేమ్యా అనవచ్చు, కానీ సేమ్యా అనగానే పాయసం గుర్తొస్తుంది. వత్తడం, చేతులు, పిండి, ఇంట్లో అందరికీ ఒకేసారి వడ్డించడం, ఇవన్నీ కావాలంటే చపాతీలో పూరీలో దగ్గరవుతాయేమో. (ఆ కథలు చెప్పే పాత్ర పేరు అచ్చొక్కటీ లేని అయిదక్షరాలది. అజంత భాషలవాళ్లమని, అంటే అచ్చులతో మాటలు ముగించేవాళ్లమని గర్వపడే ఇటాలియన్లకీ మనకీ అది సమానంగా నోరు తిరగదు.)

కాల్వీనోకి ఇంగ్లీషు కొంత వచ్చు, అదే తలనొప్పి. అనువాదాన్ని చదివి సవరణలు పంపేవారు. ‘పాలోమార్’ అనువాదమప్పుడు ఆయనకి ‘ఫీడ్‌బ్యాక్’ అన్న ఇంగ్లీషు మాట మీద మోజు పుట్టిందట. ఆయన దాన్ని పదేపదే వాక్యంలోకి దూర్చడం, వీవర్ మర్యాదగా తీసేయడం. ఇటాలియన్ చెవికి ఆ మాట కొత్తగా, శాస్త్రీయంగా వినబడుతుంది. ఇంగ్లీషు చెవికి అప్పటికే ఆఫీసు మీటింగుల్లో అరిగిపోయిన మాట. రచయిత ఉద్దేశించిన తాజాదనాన్ని కాపాడాలంటే రచయిత చెప్పిన మాటని కొట్టేయాల్సి వచ్చింది. అలాగని కాల్వీనోకి అనువాదమంటే చిన్నచూపు లేదు. ఒక పుస్తకాన్ని నిజంగా చదవడమంటే దాన్ని అనువదించడమేనని 1982లో ఒక ప్రసంగానికి శీర్షికగానే పెట్టారాయన.

ఇక్కడ ఒక చిన్న లెక్క. కాల్వీనో పుట్టింది 1923లో, వీవర్ పుట్టింది 1923లో, వీవర్ తన డెబ్భైల చివర్లో అనువదించిన ఇటాలో స్వేవో నవల ‘లా కొషెన్సా ది జేనో’ అచ్చయింది కూడా 1923లోనే. సిగరెట్టు మానలేక, ఇదే ఆఖరి సిగరెట్టని ప్రతిసారీ తారీఖు వేసి రాసుకునే మనిషి కథ అది. శీర్షికలోని ‘కొషెన్సా’కి రెండర్థాలు: తప్పొప్పులు చెప్పే మనస్సాక్షి, ఇంకా స్పృహ, చైతన్యం. జేనో మానసిక వైద్యుడి కోసం తన గతాన్ని రాసుకుంటూ, రాసిన ప్రతి వాక్యంలోనూ తనని తాను సమర్థించుకుంటూ ఉంటాడు కాబట్టి రెండర్థాలూ పుస్తకానికి కావలసినవే. 1930 నాటి మొదటి ఇంగ్లీషు అనువాదం ఈ ముడిని ముట్టుకోకుండా ‘జేనో ఒప్పుకోళ్లు’ అని పేరు పెట్టుకుంది. వీవర్ 2001లో ‘జేనోస్ కాన్షెన్స్’ అని, అంటే మనస్సాక్షి వైపు మొగ్గారు. తెలుగులో ‘అంతఃకరణ’ అన్న పాత మాట రెండువైపులా పనికొస్తుంది. కానీ దాని వేదాంతపు వాసన పట్టిందంటే, త్రియెస్తె నగరపు ఆ బద్ధకస్తుడైన వ్యాపారి చేతికి జపమాల ఇచ్చినట్టవుతుంది.

స్వేవో ఇటాలియన్ సాఫీగా ఉండదని ఇటలీలోనే సణిగారు. త్రియెస్తెవాళ్లకి ఇంట్లో మాట్లాడే మాండలికం వేరు, పుస్తకాల ఇటాలియన్ వేరు. మేము టస్కన్ భాషలో, అంటే ఆ పుస్తకాల ఇటాలియన్‌లో, అన్న ప్రతి మాటతోనూ అబద్ధమాడుతున్నామని జేనో చేతే చెప్పించాడు రచయిత. ఇలాంటి భాషని అనువదించేవాడు దాన్ని సాఫు చేస్తే జేనో నిజాయితీపరుడైపోతాడు, ఉన్నదున్నట్టు కుంటిగా వదిలేస్తే తప్పు అనువాదకుడిదనుకుంటారు.

అందరికీ తెలిసిన వీవర్ మాత్రం ఎకో అనువాదకుడు. 1980లో ఇటాలియన్‌లో, 1983లో ఇంగ్లీషులో వచ్చిన ‘గులాబీ పేరు’, మధ్యయుగపు మఠంలో హత్యలు, మధ్యమధ్య లాటిన్ వాక్యాలు, ఎవరూ ఊహించనంతగా అమ్ముడైంది. అనువాదకులకి సాధారణంగా ఒకసారి ముట్టే పారితోషికంతో సంబంధం తీరిపోతుంది, అట్ట మీద పేరు కూడా అరుదు. వీవర్‌కి ఈసారి అదృష్టం కలిసొచ్చింది. ఆ పుస్తకం తెచ్చిన డబ్బుతో టస్కనీలోని తన ఇంటికి ఒక భాగం అదనంగా కట్టుకుని, దానికి ‘ఎకో ఛాంబర్’ అని పేరు పెట్టుకున్నారు. రచయిత పేరూ ప్రతిధ్వనీ తెలుగు లిపిలో కూడా ఒక్కలాగే పడ్డాయి కాబట్టి ఈ చమత్కారానికి అనువాదం అక్కర్లేదు.

ఎకో తన అనువాదకులతో ఉత్తరాలు నడిపేవారు, ఏ వాక్యంలో ఏది ముఖ్యమో చెప్పేవారు. ‘ఫూకో లోలకం’ నవలలో పుస్తక ప్రచురణ పని చేసే ముగ్గురు స్నేహితులు కారులో కొండల మధ్య వెళ్తుంటే, శిఖరాల సందుల్లోంచి అంతులేని దిగంతాలు కనిపిస్తాయి. దియొతల్లేవి అనే పాత్ర వాటిని ‘కంచెకి అవతల’ అంటాడు. అక్కడ కంచె ఏదీ లేదు. అది ఇటాలియన్ కవి లెయోపార్ది 1819లో రాసిన ‘అనంతం’ కవితలోని కంచె: చెట్ల కంచె దిగంతాన్ని కనబడనివ్వకపోవడం వల్లనే కవి దాని అవతలి అనంతాన్ని ఊహించుకుంటాడు. ఇటలీలో బడికెళ్లిన ప్రతివాడికీ ఆ కవిత కంఠతా వచ్చు. ఈ పాత్రలకి ప్రకృతిని కూడా సాహిత్యం అడ్డంపెట్టుకునే తప్ప చూడడం చేతకాదన్నది ఎకో వేసిన ఎత్తిపొడుపు. కాబట్టి కంచె ఉండనక్కర్లేదు, మీ మీ సాహిత్యాల్లోంచి అందరికీ తెలిసిన ఏదో ఒక పలుకు పెట్టుకోండని ఆయన అనువాదకులకి చెప్పారు. వీవర్ అక్కడ ‘డేరియన్ లాగా’ అన్నారు. ఇంగ్లీషు కవి కీట్స్ 1816 నాటి సానెట్ (పద్నాలుగు పాదాల పద్యం) చివర, డేరియన్ శిఖరం మీద నిలబడి మొదటిసారి పసిఫిక్ సముద్రాన్ని చూసిన నావికుల మౌనం అది. ఇంకొక మెలిక కూడా ఉంది. ఆ సానెట్ కీట్స్ రాసింది గ్రీకు కవి హోమర్‌కి చాప్‌మన్ చేసిన ఇంగ్లీషు అనువాదాన్ని చదివిన ఆనందంలో. ఒక అనువాదం పుట్టించిన పద్యాన్ని మరో అనువాదంలో దాచి పెట్టారన్నమాట. మూలంలోని మాట ఒక్కటీ మిగలలేదు, మూలం చేసిన పని మొత్తం మిగిలింది. మూలకథని మన నేలకి తగ్గట్టు మార్చి చెప్పడం కవిత్రయం కాలం నుంచీ తప్పుగా ఎంచని మనకి ఇందులో ఆశ్చర్యపడాల్సింది తక్కువే.

మనకి సంబంధించిన చిక్కు ఇంకొకటి ఉంది. యూరపు భాషల నవలలు తెలుగులోకి చాలావరకు ఇంగ్లీషు మీదుగానే వస్తాయి. అంటే తెలుగు అనువాదకుడి బల్ల మీద ఉండేది కాల్వీనో కాదు, వీవర్. ఆయన ఇంగ్లీషు కోసం తీసుకున్న నిర్ణయాలన్నీ, మనకి అవసరం లేనివి కూడా, మనదాకా నడిచొస్తాయి. కాల్వీనో నవలలో ఇద్దరు పాఠకులున్నారు: ‘లెత్తోరె’, ‘లెత్రీచె’. తెలుగులో పాఠకుడు, పాఠకురాలు అంటే కుదిరిపోయే మాటలవి. ఇంగ్లీషులో ‘రీడర్’కి స్త్రీలింగం లేక, వీవర్ ఆమెని ‘అదర్ రీడర్’ అనాల్సొచ్చింది. దాన్ని నమ్ముకుంటే తెలుగులో ఆమె అనవసరంగా ‘మరో పాఠకురాలు’ అవుతుంది, లేదా లింగం తెలియని చోట ‘ఇంకో పాఠకుడు’ కూడా అయిపోవచ్చు. మొదటి వాక్యంలోని చనువు, ‘యూ’ని ‘మీరు’గా మార్చగానే పోతుంది. తల్యతెల్లె పోయి, మనకి రెండు నిమిషాల పొట్లం తప్ప మరొకటి గుర్తుకురాని నూడుల్స్ మిగులుతాయి.

డేరియన్ సంగతి ఇంకా విచిత్రం. ఇంగ్లీషు నుంచి తెచ్చే తెలుగు అనువాదకుడు శ్రద్ధ గలవాడైతే కీట్స్ పద్యాన్ని పట్టుకుంటాడు, అధోజ్ఞాపిక కూడా రాస్తాడు. దాంతో ఒక ఇటాలియన్, ఇటలీ కొండల్లో, తన స్నేహితులతో ఇంగ్లీషు కవిని ఉటంకిస్తున్నట్టు తెలుగు పాఠకుడు నమ్ముతాడు. ఎకో ఇచ్చిన సలహా ప్రకారం నడిచే స్వేచ్ఛ తెలుగు అనువాదకుడికీ ఉంది, దానికి తగిన పలుకూ పోతన గజేంద్రమోక్షంలో సిద్ధంగానే ఉంది. లోకాలన్నీ అంతమయ్యాక మిగిలే ‘పెంజీకటి కవ్వల’ వెలిగేవాణ్ణి ఏనుగు పిలిచే పద్యం తెలియని తెలుగువాడు అరుదు. ‘అవతల’ అన్న ఒక్క మాట మీదే అనంతాన్ని నిలబెట్టడంలో అది లెయోపార్ది కంచెకి కీట్స్ శిఖరం కంటే దగ్గరిది. దియొతల్లేవి నోట పోతన పలకడం అతకదనిపిస్తే మానేసి, కంచెనే ఉంచవచ్చు. కానీ ఇంగ్లీషు పుస్తకంలో ఆ చోట కంచె లేదు కనక, ఏదో ఒకటి తేల్చుకోవాలన్న సంగతే ఆ అనువాదకుడికి తెలియదు.